గుంటూరు నుంచి అంతర్జాతీయ వాణిజ్య చట్టంలో ఎల్ఎల్ఎం: ఎక్కడ చేరాలి, ఏం చదవాలి, మిర్చి మీద డిసర్టేషన్ నిలబడుతుందా?

బ్రాడీపేట_లా (ప్రశ్న)

అందరికీ నమస్తే. గుంటూరులో మూడేళ్ల ఎల్ఎల్బీ ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నాను, డిగ్రీ బీకాం. అంతర్జాతీయ వాణిజ్య చట్టంలో ఎల్ఎల్ఎం చేయాలని ఉంది. పీజీఎల్‌సెట్ రాసి ఇక్కడే నాగార్జున యూనివర్సిటీలో రెండేళ్ల కోర్సు చేయడమా, క్లాట్ పీజీ రాసి ఏదైనా నేషనల్ లా యూనివర్సిటీలో ఏడాది కోర్సు చేయడమా తేల్చుకోలేకపోతున్నాను. చేరేలోపు ఏం చదివి పెట్టుకోవాలో కూడా చెప్పండి. డిసర్టేషన్‌కు (కోర్సులో రాసే పరిశోధన వ్యాసానికి) ‘గుంటూరు మిర్చి ఎగుమతులు – డబ్ల్యూటీవో (ప్రపంచ వాణిజ్య సంస్థ)’ అనే టాపిక్ అనుకుంటున్నాను, పనికొస్తుందా? బీకాం వాళ్లకు యాంటీ డంపింగ్ (సొంత దేశంలోకంటే తక్కువ ధరకు ఇక్కడ అమ్మే విదేశీ సరుకు మీద సుంకం) లెక్కలు తేలికంటారు, నిజమేనా?

కృష్ణలంక_ట్రేడ్

కాలేజీ సంగతి తర్వాత చూద్దాం తమ్ముడూ. ముందు నీకు కావలసింది ఏ చదువో తేల్చుకో. ఈ పేరు కింద మూడు వేరువేరు చదువులు నడుస్తున్నాయి.

ఒకటి డబ్ల్యూటీవో చట్టం. ఇది దేశానికీ దేశానికీ మధ్య నడిచేది. గాట్ (సరుకుల వాణిజ్య ఒప్పందం), సేవల ఒప్పందం, ఎస్‌పీఎస్ (ఆహార భద్రత, మొక్కలు, జంతువుల ఆరోగ్య చర్యల ఒప్పందం), టీబీటీ (వాణిజ్యానికి సాంకేతిక అడ్డంకుల ఒప్పందం), వివాద పరిష్కార నియమాలు ఇందులోకి వస్తాయి. పని దొరికేది ఎక్కువగా ఢిల్లీలో: వాణిజ్య శాఖ, ఐఐఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య విద్యాసంస్థ)లోని వాణిజ్య, పెట్టుబడుల చట్ట కేంద్రం లాంటి చోట్ల. రెండోది యాంటీ డంపింగ్, సబ్సిడీల మీద సుంకం, సేఫ్‌గార్డు (దిగుమతులు ఒక్కసారిగా పెరిగితే వేసే సుంకం), కస్టమ్స్. దీనికి ఆధారం 1975 కస్టమ్స్ టారిఫ్ చట్టం, 1962 కస్టమ్స్ చట్టం. దర్యాప్తు ఢిల్లీలోని డీజీటీఆర్ (వాణిజ్య శాఖలోని దర్యాప్తు విభాగం) చేస్తుంది. మామూలు కస్టమ్స్ అప్పీళ్లకు మనకు హైదరాబాద్ సెస్టాట్ (కస్టమ్స్ అప్పీళ్ల ట్రిబ్యునల్) బెంచి ఉంది. మూడోది ప్రైవేటు ఒప్పందాలు: అమ్మకం కాంట్రాక్టు, ఓడ రవాణా, ఎల్‌సీ (కొనుగోలుదారు తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ), ఆర్బిట్రేషన్ (మధ్యవర్తిత్వం). విజయవాడ, గుంటూరుల్లోనే ఉండి ప్రాక్టీసు చేయాలనుకుంటే అన్నం పెట్టేది ఈ మూడోదే. మిర్చి, పొగాకు, పత్తి ఎగుమతిదారులు ఇక్కడే ఉన్నారు, భీమవరం వైపు రొయ్యలవాళ్లున్నారు. వాళ్లకు జెనీవాలో నడిచే డబ్ల్యూటీవో కేసులకంటే విడుదల కాని కంటైనరుతోనూ, రాని డబ్బుతోనూ పని ఎక్కువ.

ఇక పరీక్షలు. పీజీఎల్‌సెట్‌లో 120 ప్రశ్నలకు 90 నిమిషాలు, నెగటివ్ మార్కులు లేవు. జ్యూరిస్‌ప్రుడెన్స్, రాజ్యాంగం, అంతర్జాతీయ చట్టం, మర్కంటైల్ లా వగైరాల నుంచి సూటి ప్రశ్నలు ఉంటాయి. క్లాట్ పీజీలో కూడా 120 ప్రశ్నలే కానీ టైము 2 గంటలు, తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. తీర్పుల్లోంచి తీసిన పేరాలు ఇచ్చి వాటి మీద అడుగుతారు. కాబట్టి బిట్లు బట్టీ పట్టినవాళ్లు అక్కడ తడబడతారు, సుప్రీంకోర్టు తీర్పులు నేరుగా చదివే అలవాటు ఉన్నవాళ్లు నిలబడతారు. ఢిల్లీ ఎన్ఎల్‌యూకి ఐలెట్ అనే పరీక్ష వేరే రాయాలి.

ఏడాది కోర్సును యూజీసీ 2012 మార్గదర్శకాల ప్రకారం నడుపుతారు: 24 క్రెడిట్లు, మూడు తప్పనిసరి పేపర్లు, ఆరు ఐచ్ఛికాలు, డిసర్టేషన్. ఏడాది చాలనే అనిపిస్తుంది కానీ తప్పనిసరి పేపర్లకే తల మునకలవుతుంది. చేరిన మూడు నాలుగు నెలలకే డిసర్టేషన్ సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) అడుగుతారు. టాపిక్ చేతిలో పట్టుకుని వెళ్లినవాళ్లకే ఆ కోర్సు వల్ల ప్రయోజనం. రెండేళ్ల కోర్సులో టైము దొరుకుతుంది, కానీ వాణిజ్య చట్టం ఒకటో రెండో పేపర్లకు పరిమితం కావచ్చు. ఎక్కడైనా సరే బ్రోచర్ నమ్మి ఫీజు కట్టవద్దు. అందులో ఇరవై ఐచ్ఛికాలు రాసి ఉన్నా పదిమంది ఎంచుకోకపోతే ఆ పేపర్ నడపరు. పోయినేడాది టైమ్‌టేబుల్ అడుగు, అందులో డబ్ల్యూటీవో పేపర్ నిజంగా నడిచిందా, ఎవరు చెప్పారు అని సీనియర్లను కనుక్కో. డబ్ల్యూటీవో పత్రాలన్నీ ఆన్‌లైన్‌లో ఉచితం, వాటికోసం ఊరు మారక్కర్లేదు. జర్నళ్లే ఖరీదు. లైబ్రరీకి హైన్‌ఆన్‌లైన్ లాంటి డేటాబేస్ ఉందా, హాస్టల్ నుంచి తెరుచుకుంటుందా అన్నది తప్పకుండా అడగాల్సిన ప్రశ్న.

విదేశాల్లో అయితే ఈ ఒక్క సబ్జెక్టుకే పేరున్నవి బెర్న్‌లోని వరల్డ్ ట్రేడ్ ఇన్‌స్టిట్యూట్, ఒప్పందాల వైపు అయితే ట్యూరిన్ యూనివర్సిటీ కోర్సు. బ్రిటన్ వెళ్లడానికి చీవెనింగ్ స్కాలర్‌షిప్ అడగాలంటే 2,800 గంటల పని అనుభవం చూపాలి, ఎల్ఎల్బీ అవగానే కుదరదు.

రిపోర్టులు_చదివేవాడు

చేరేలోపు ఏం చదవాలి అన్నారు కదా. గైడు పుస్తకాలు పక్కన పెట్టి ఒప్పందం పాఠమే ముందు చదవండి. గాట్‌లో అన్నీ అక్కర్లేదు: 1, 2, 3, 6, 11, 20, 24 ఆర్టికల్స్ చాలు. ఒక్కోదానికి ఒక రోజు పెట్టండి. 3వ ఆర్టికల్‌లో 2వ పేరా, 4వ పేరా మధ్య తేడా మీ సొంత మాటల్లో రాయగలిగితే సగం సెమిస్టర్ అయిపోయినట్టే.

కేసుల్లో మొదటిది 1998 నాటి అమెరికా – రొయ్యల కేసు. మన దేశం, మలేషియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి వేసింది. వలలకు తాబేళ్లు తప్పించుకునే పరికరం బిగించని దేశాల రొయ్యలను అమెరికా ఆపింది. తాబేళ్ల రక్షణ గాట్ 20(జి) (తరిగిపోయే ప్రకృతి వనరుల పరిరక్షణ మినహాయింపు) కిందికి వస్తుందని అప్పిలేట్ బాడీ (డబ్ల్యూటీవో అప్పీళ్ల సంస్థ) ఒప్పుకుంది. కానీ కరీబియన్ ప్రాంత దేశాలకు మార్పుకు 3 ఏళ్లు ఇచ్చి, మనవాళ్లకు 4 నెలలే ఇచ్చారు. వాళ్లతో చర్చలు జరిపి, వీళ్లతో జరపలేదు. 20వ ఆర్టికల్ మొదటి పేరా (మినహాయింపును అన్యాయమైన వివక్షకు వాడకూడదన్న షరతు) దగ్గర అమెరికా ఓడింది అందుకే. ఈ తేడా అందక చాలామంది ‘పర్యావరణం ఓడిపోయింది’ అని రాసేస్తారు. అది తప్పు.

డబ్ల్యూటీవో కేసు రిపోర్టును మొదటి పేజీ నుంచి చదివితే వాదనల్లోనే ఓపిక అయిపోతుంది. చివర ఉండే తీర్మానాలు ముందు చూడండి. తర్వాత సవాలు చేసిన చర్య ఏమిటో వివరించిన భాగం. ఆ తర్వాత ఒక్క క్లెయిమ్ పట్టుకుని దాని విశ్లేషణ మాత్రం. ప్రతి కేసుకీ ఒక కాగితం మీద ఇవి రాయండి: చర్య ఏది, ఏ ఆర్టికల్, రుజువు భారం ఎవరిది, ఎక్కడ తేలింది, రిపోర్టు ఆమోదం పొందిందా, ఓడిన దేశం తర్వాత ఏం మార్చింది. ఆఖరి రెండూ వదిలేసేవాళ్లే ఎక్కువ, వైవాలో అడిగేదీ అవే.

యార్డు_పక్క

డిసర్టేషన్ గురించి. టాపిక్ ఆ రూపంలో ఇస్తే గైడ్ సంతకం పెట్టినా ముందుకు నడవదండి. అందులో ప్రశ్న లేదు. ఒక దేశం, ఒక ప్రమాదం, ఒక చర్య దగ్గరికి కుదించండి. నా సలహా ఇది: ఎండుమిర్చిలో అఫ్లాటాక్సిన్ (బూజు నుంచి పుట్టే విషం) విషయంలో యూరోపియన్ యూనియన్ పెట్టిన పరిమితి, సరిహద్దు తనిఖీ, శాంపిల్ తీసే పద్ధతి, ఈ మూడూ ఎస్‌పీఎస్ ఒప్పందం 5.1 (నష్టం అంచనా), 5.6 (అవసరానికి మించి వాణిజ్యాన్ని అడ్డుకోకూడదు), 8 (తనిఖీ పద్ధతులు) ఆర్టికల్స్‌కు నిలుస్తాయా?

చర్యను కచ్చితంగా పేర్కొనడం మొదటి పని. పరిమితి 2023/915 నంబరు రెగ్యులేషన్‌లో ఉంది: ఎండుమిర్చికి అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని అఫ్లాటాక్సిన్లూ కలిపి 10. పాత వ్యాసాలు చూసి 1881/2006 అని రాస్తున్నారు, అది రద్దయిపోయింది. సరిహద్దులో ఎన్ని లాట్లు ఆపి పరీక్షించాలో 2019/1793 రెగ్యులేషన్ అనుబంధాలు చెబుతాయి. వాటిని ఆరు నెలలకు మించకుండా సమీక్షిస్తూ మారుస్తుంటారు, కాబట్టి ఏ తేదీ నాటి పాఠం చూశారో ఫుట్‌నోట్‌లో రాయకపోతే మీ శాతం తప్పని ఎవరైనా చూపించేస్తారు.

ఇప్పుడు సరుకు సంగతి. ఇది అర్థం కాకుండా చట్టం రాస్తే గాలిలో ఉంటుంది. కల్లంలో నేల మీద ఆరబోసి రాత్రి మంచుకు తడిసిన కాయ, తేమ 11 శాతం దాటి బస్తాకెక్కిన కాయ, తొక్కేటప్పుడు విరగకూడదని నీళ్లు చల్లిన కాయ. బూజు పట్టేది వీటికే, ఆ బూజు నుంచే అఫ్లాటాక్సిన్. అది లాటంతా సమానంగా పరుచుకుని ఉండదు. వంద టిక్కీల్లో (మిర్చి బస్తాల్లో) రెండు మూడింట్లోనే, వాటిలోనూ గుప్పెడు కాయల్లోనే ఉండొచ్చు. శాంపిల్‌లోకి ఆ గుప్పెడు వస్తే ఫెయిల్, రాకపోతే పాస్. గుంటూరు ల్యాబులో పాసైన లాటు రోటర్‌డామ్‌లో ఫెయిలైందంటే రెండు ల్యాబుల్లో ఒకటి తప్పు చేసి ఉండాలనేమీ లేదు. శాంపిల్ ఎన్ని చోట్ల నుంచి తీశారు, ఎన్ని కిలోలు, కలిపి పొడి చేశాకా ముందా అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది.

మీ వాదనకు బలం అక్కడే ఉంది. ఎస్‌పీఎస్ ఒప్పందం అనుబంధం ‘ఎ’ మొదటి పేరా చూడండి. పరీక్ష, తనిఖీ, ధ్రువీకరణ, శాంపిల్ పద్ధతులు, గణాంక పద్ధతులు కూడా ఎస్‌పీఎస్ చర్యలేనని అక్కడ రాసే ఉంది. అంటే పరిమితిని వదిలేసి శాంపిల్ పద్ధతిని మాత్రమే సవాలు చేయవచ్చు. తనిఖీల్లో అనవసర జాప్యం, అవసరానికి మించిన పత్రాలు అడగడం ఆర్టికల్ 8, అనుబంధం ‘సి’ కిందికి వస్తాయి.

‘5 మైక్రోగ్రాములు మరీ తక్కువ, మన రైతుకు అన్యాయం’ అన్న వాదన మాత్రం బలహీనం. ఎంత రక్షణ కావాలో నిర్ణయించుకునే హక్కు దిగుమతి చేసుకునే దేశానిదే. అఫ్లాటాక్సిన్ బీ1 క్యాన్సర్ కారకమని తేలిన పదార్థం కాబట్టి యూరప్‌కు నష్టం అంచనా నివేదికలు చూపడం కష్టమేమీ కాదు. మీరు 5.6 పట్టుకుంటే ఆస్ట్రేలియా – సాల్మన్ కేసు చెప్పిన మూడూ మీరే చూపాలి: మరో చర్య సాంకేతికంగా, ఆర్థికంగా అందుబాటులో ఉంది, అది అదే స్థాయి రక్షణ ఇస్తుంది, వాణిజ్యాన్ని గణనీయంగా తక్కువ అడ్డుకుంటుంది. రెండోది వదిలేసి మూడోది మాత్రం రాసే డిసర్టేషన్లు కుప్పలు. స్పైసెస్ బోర్డు ఎగుమతికి ముందు చేసే తప్పనిసరి పరీక్షను యూరప్ గుర్తించి అక్కడి తనిఖీల శాతం తగ్గించుకోవచ్చన్నది మీరు చూపగల ప్రత్యామ్నాయం. 2003లో మన కారంపొడిలో సుడాన్ అనే నిషిద్ధ రంగు దొరికాక వచ్చిన కట్టడి నుంచి ఈ పరీక్షల కథ మొదలుపెడితే అధ్యాయం సాఫీగా నడుస్తుంది.

సాక్ష్యం కోసం మూడు చోట్లకు వెళ్లండి. యూరప్ ఆహార హెచ్చరికల పోర్టల్ రాస్ఫ్‌లో దేశం ఇండియా, సరుకు మసాలా దినుసులు, ప్రమాదం మైకోటాక్సిన్లు (బూజు విషాలు) అని ఫిల్టర్ పెడితే ఏడాదివారీగా నోటీసులు వస్తాయి. డబ్ల్యూటీవో ఈపింగ్ వేదికలో ఏ దేశం ఏ చర్య మీద ఆందోళన తెలిపిందో దొరుకుతుంది. ఇలాంటి గొడవల్లో చాలావరకు ప్యానెల్ (డబ్ల్యూటీవోలో మొదటి దశ విచారణ) దాకా వెళ్లకుండా ఎస్‌పీఎస్ కమిటీలోనే తేలుతాయి, అందుకే కమిటీ మినిట్స్ చదవకపోతే సగం కథ దక్కదు. కోడెక్స్‌లో (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ) కలుషితాల సాధారణ ప్రమాణం 193లో మిర్చికి ఇప్పుడు ఏముందో చూశాకే ఎస్‌పీఎస్ ఆర్టికల్ 3 (అంతర్జాతీయ ప్రమాణాలతో పొంతన) మీద ఒక్క వాక్యమైనా రాయండి.

మిర్చి యార్డు ధరల పట్టికలు నలభై పేజీలు అనుబంధంగా పెట్టకండి. మీ ప్రశ్నకు వాటితో సంబంధం లేదు.

బ్రాడీపేట_లా

చాలా థాంక్స్ అండి, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. రెండు అనుమానాలు. సూపర్‌మార్కెట్లు ప్రభుత్వ పరిమితికంటే తక్కువ అడుగుతున్నాయట, దాన్ని కూడా కలపొచ్చా? అప్పిలేట్ బాడీ పనిచేయడం లేదు కదా, మరి ఈ కేసులన్నీ చదివి ఏం లాభం అని మా క్లాసులో అంటున్నారు.

రిపోర్టులు_చదివేవాడు

సూపర్‌మార్కెట్ అడిగేది కొనుగోలు షరతు, ప్రభుత్వ చర్య కాదు. ఎస్‌పీఎస్ 13వ ఆర్టికల్ ప్రైవేటు సంస్థల విషయంలో సభ్య దేశాలు సహేతుకమైన చర్యలు తీసుకోవాలంటుంది, కానీ దీనికి ప్రైవేటు ప్రమాణాలు వస్తాయా రావా అన్నది తేలని చర్చ. రెండు పేజీల్లో చెప్పి వదిలేయండి, అధ్యాయం చేస్తే మిగతాది చెదిరిపోతుంది.

అప్పిలేట్ బాడీ సంగతి: కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకోవడంతో 2019 డిసెంబరు 11 నుంచి అప్పీలు వినే కోరం (కనీస సభ్యుల సంఖ్య) లేదు. ప్యానెల్‌లో ఓడినవాళ్లు అప్పీలు వేస్తే అది వినేవాళ్లు లేక అక్కడే ఉండిపోతుంది, రిపోర్టు ఆమోదం పొందదు. మన దేశమూ అదే చేసింది: ఎగుమతి సబ్సిడీల కేసు డీఎస్ (డబ్ల్యూటీవో వివాదం నంబరు) 541లో 2019లో, చక్కెర కేసుల్లో 2021 డిసెంబరులో. యూరోపియన్ యూనియన్, చైనా లాంటివి తమలో తాము మధ్యంతర అప్పీలు ఆర్బిట్రేషన్ ఏర్పాటు చేసుకున్నాయి, అందులో మనం లేం. అంటే మీ మిర్చి కేసులో మనం ప్యానెల్‌లో గెలిచినా యూరప్ అప్పీలు వేస్తే ఆగిపోవచ్చు. ఈ పేరా డిసర్టేషన్‌లో ఉండి తీరాలి.

కానీ దానివల్ల కేసులు చదవడం దండగ కాదు. కమిటీల్లో వాదించేది ఆ కేసులు చూపే. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాల్లోనూ ఇవే సూత్రాలు, చాలాచోట్ల ఇవే మాటలు. ఎదుటి పక్షం ఎలా వాదిస్తుందో తెలియాలంటే డీఎస్ 430 చదవండి. బర్డ్ ఫ్లూ పేరుతో మనం పెట్టిన దిగుమతి నిషేధం మీద అమెరికా వేసింది. నష్టం అంచనా లేకుండా చర్య పెట్టినందుకు 2015లో మనమే ఓడాం. యూరప్‌ను మనం అడగబోయే ప్రశ్నలే అక్కడ మనల్ని అడిగారు.

ఖర్చుల_లెక్క

బీకాం ఉపయోగం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నా. యాంటీ డంపింగ్‌లో సగం కాస్ట్ అకౌంట్సే.

ఒక రసాయనం అనుకోండి. విదేశీ కంపెనీ తన దేశంలో ఫ్యాక్టరీ గేటు దగ్గర కిలో 100 రూపాయలకు అమ్ముతోంది. మనకు పంపే సరుకు ధరలోంచి ఓడ కిరాయి, బీమా, పోర్టు ఖర్చులు తీసేస్తే గేటు దగ్గర 80 తేలింది. తేడా 20. దాన్ని ఎగుమతి ధర 80తో భాగించాలి, 100తో కాదు. మార్జిన్ 25 శాతం. 2 శాతం లోపు వస్తే ఆ కంపెనీ మీద కేసు నిలవదు.

ఇక్కడితో ఆగిపోతారు చాలామంది. మన దేశంలో తక్కువ సుంకం సూత్రం (డంపింగ్ మార్జిన్, నష్టం మార్జిన్లలో చిన్నదే సుంకం) ఉంది, దానికి రెండో లెక్క కావాలి. అదే సరుకు ఇక్కడికి చేరిన ధర బీమా, కిరాయితో 84, దాని మీద 10 శాతం కస్టమ్స్ సుంకం 8.40, మొత్తం 92.40. మన పరిశ్రమ నష్టపోకుండా అమ్మగల ధర 99 అని డీజీటీఆర్ తేల్చింది అనుకుందాం. నష్టం మార్జిన్ 6.60. డంపింగ్ 20 ఉన్నా సిఫారసు చేసే సుంకం 6.60 మాత్రమే. ఆ 99 ఎలా వస్తుందో 1995 యాంటీ డంపింగ్ నిబంధనల మూడో అనుబంధంలో ఉంటుంది. ముడిసరుకు వాడకం, కరెంటు, ఉత్పత్తి సామర్థ్యంలో ఎంత వాడారు అన్నవాటిని గత కొన్నేళ్ల ఉత్తమ స్థాయికి సర్దుతారు. అసలు పోరాటం జరిగేది ఈ అంకె మీదే, బీకాం పనికొచ్చేదీ ఇక్కడే.

మామూలుగా దెబ్బతినేది కాగితాల దగ్గర. ప్రశ్నావళికి జవాబు 30 రోజుల్లో ఇవ్వాలి, గడువు పెంచమని ముందే అడగాలి. ప్రతి రహస్య పత్రానికీ రహస్యం కాని ప్రతి కూడా ఇవ్వాలని 7వ నిబంధన. అన్ని అంకెలూ నల్లగా కొట్టేసి ఇస్తే ఒప్పుకోరు, సూచీ రూపంలోనైనా ధోరణి కనపడాలి. సుంకం సిఫారసు చేసేది డీజీటీఆర్, విధించేది ఆర్థిక శాఖ, అప్పీలు కస్టమ్స్ టారిఫ్ చట్టం 9సి సెక్షన్ కింద సెస్టాట్‌కు 90 రోజుల్లో. సుంకం మామూలుగా 5 ఏళ్లు, ఆ పైన కొనసాగాలంటే సమీక్ష జరగాలి.

సిద్ధాంతం వైపు ఒక కేసు చాలు: యూరప్ మీద మన దేశం వేసిన దుప్పట్ల కేసు డీఎస్ 141, అప్పిలేట్ బాడీ రిపోర్టు 2001. మూడు రకాల సరుకుకు తేడాలు +10, −6, −4 వచ్చాయనుకోండి. పరిమాణాలు సమానమైతే కలిపితే సున్నా, డంపింగ్ లేదు. మైనస్‌లను సున్నా చేసి కూడితే 10 మిగులుతుంది. ఆ పద్ధతి చెల్లదని మనం గెలిచాం.

కృష్ణలంక_ట్రేడ్

ఇంకొక్కటి. ఒప్పందాల వైపు వెళ్తే చదవాల్సిన మూడు సంగతులు చెబుతాను, సిలబస్‌లో ఇవి విడివిడిగా ఉంటాయి కానీ ఒకే ఎగుమతిలో కలిసి వస్తాయి.

మిర్చి కంటైనరును ఇక్కడే నింపి సీలు వేసి చెన్నైకో విశాఖకో పంపుతారు. కాంట్రాక్టులో అలవాటు కొద్దీ ఎఫ్‌ఓబీ అని రాస్తారు. అప్పుడు సరుకు ఓడ మీదికి ఎక్కేదాకా, అంటే పోర్టు యార్డులో వారం పడి ఉన్నా, నష్టం అమ్మినవాళ్లదే. కంటైనరుకు ఎఫ్‌సీఏ (రవాణాదారుకు అప్పగించేదాకానే అమ్మినవాళ్ల నష్టం) సరైనది. ఎల్‌సీ ‘ఓడకెక్కించినట్టు’ బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ రవాణా పత్రం) అడుగుతుంది కదా అని భయపడి ఎఫ్‌ఓబీ రాసేవాళ్లుంటారు. ఆ చిక్కు కోసమే ఇన్‌కోటర్మ్స్ 2020 (డెలివరీ షరతుల అంతర్జాతీయ నియమాలు)లో ఎఫ్‌సీఏ కింద కొనుగోలుదారు తన రవాణాదారుతో అలాంటి బిల్లు ఇప్పించేలా రాసుకునే వీలు పెట్టారు. యూసీపీ 600 (ఎల్‌సీలకు బ్యాంకులు పాటించే నియమాలు) ప్రకారం షిప్‌మెంట్ తర్వాత 21 రోజుల్లోపు, ఎల్‌సీ గడువు దాటకుండా పత్రాలు బ్యాంకుకివ్వాలి, బ్యాంకుకు చూడటానికి 5 పనిదినాలు. కొనుగోలుదారు పేరులో ఒక అక్షరం తేడా వచ్చినా పత్రాలు వెనక్కి పంపే అవకాశం బ్యాంకుకు ఇచ్చినట్టే.

వియన్నా అమ్మకాల ఒప్పందంలో (దేశాల మధ్య సరుకుల అమ్మకం మీద ఐరాస ఒప్పందం) మన దేశం లేదు. అయినా కాంట్రాక్టుకు జర్మనీ చట్టం వర్తిస్తుందని రాసుకుంటే, వద్దని విడిగా రాయనంతవరకు ఆ ఒప్పందం కూడా వచ్చి చేరుతుంది.

ఆర్బిట్రేషన్ క్లాజులో ఊరు రాసేముందు 1996 ఆర్బిట్రేషన్ చట్టం 44వ సెక్షన్ చూడు. ఆ దేశం న్యూయార్క్ ఒప్పందంలో (విదేశీ ఆర్బిట్రేషన్ తీర్పుల అమలు ఒప్పందం) ఉంటే సరిపోదు, మన కేంద్రం గెజెట్‌లో ఆ దేశాన్ని నోటిఫై చేసి ఉండాలి. చైనాను 2012లో చేశారు. నోటిఫై కాని దేశంలో అవార్డు (ఆర్బిట్రేషన్ తీర్పు) తెచ్చుకుంటే ఇక్కడ దాన్ని ఆ చట్టం కింద అమలు చేయించుకునే దారి ఉండదు, అందుకే చాలా కాంట్రాక్టుల్లో సింగపూరో లండనో కనిపిస్తుంది.